నమూనా రికార్డు

సరస్వతి పైకి చదువుతుంటే వెనక బెంచీల్లో సన్నగా నవ్వులు మొదలయ్యాయి.

"'కార్యకర్త రాగానే క్లయింటు చాప పరిచి, ఒక్క నిమిషమని వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది. కొంతసేపటికి పన్నెండేళ్ళ కొడుకు రెండు స్టీలు గ్లాసులు పట్టుకొచ్చాడు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో చాయ్. గ్లాసులు కొత్తవి, బరువైనవి, ఒకే జత. వృత్తి నియమం ప్రకారం కార్యకర్త ఏదీ పుచ్చుకోలేదు. పూట గడవడమే కష్టమని చెప్పుకునే ఇంట్లో ఇలాంటి సామాను ఉండడం గమనించదగ్గది.'"

"మస్తు హుషారున్నదిరా ఆ అవ్వ," అన్నాడు వెనక నుంచి ఒకడు. "గ్లాసులు దాచి పెట్టుకోక ముంగటికి తెచ్చి దొరికిపోయింది."

ఈసారి అందరూ నవ్వారు. సావిత్రి మేడం కూడా నవ్వి, బల్ల మీద సుద్దముక్కతో రెండుసార్లు కొట్టింది. బి.ఏ. మూడో ఏడాది సోషల్ వర్క్ క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది. ఏటా ఈ నెలలో, ఫీల్డ్‌వర్కు రికార్డులు అప్పగించే ముందు, ఆమె ఈ నాలుగో నంబరు కేసు చదివిస్తుంది. సైక్లోస్టైల్ చేసిన ప్రతులు చేతులు మారీ మారీ మెత్తబడ్డాయి. పేజీకి కుడివైపు నిలువుగా ఒక గీత, గీతకు ఇవతల పర్యవేక్షకుల వ్యాఖ్యల కోసం సన్నటి గడి.

"చూశారా," అంది మేడం. "ఏ ప్రశ్నా అడగకుండా రెండు గ్లాసులను బట్టి ఇంటి పరిస్థితి చదివేసింది, కార్యకర్తగా వెళ్ళిన ఆ విద్యార్థిని. మాటల కంటే వస్తువులను నమ్మండి. ఇంకొకటి గుర్తుంచుకోండి. రికార్డులో లేనిది జరగనట్టే. చదువమ్మా."

"'బాలుడు చురుకైనవాడు. ఎడమ కనుబొమ మీద కాలిన మచ్చ ఉంది. గోడకు గొర్రెపిల్లను భుజాన వేసుకున్న యేసు క్యాలెండరు. కిటికీకి పాత రైలు పెట్టె తలుపును బిగించారు. క్లయింటు తన ఆర్థిక స్థితిని తక్కువ చేసి చూపుతున్నది. బాలుడి హాస్టలు సీటుకు కార్యకర్త సిఫారసు చేయడం లేదు.'"

లిదియా పెదవుల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. 'దొరికిపోయింది' అన్నప్పుడు ఆమె కూడా నవ్వింది. నోరు ఆ ఆకారంలో ఉండగానే మచ్చ వచ్చింది, క్యాలెండరు వచ్చింది, రైలు పెట్టె తలుపు వచ్చింది. ఆ తలుపుకు ఉన్న ఇనుప పట్టీలో వేలు పెట్టి చిన్నప్పుడు ఊపేది తను. ఇప్పటికీ ఊపితే చప్పుడవుతుంది. చేతిలోని ప్రతికి పై మూలన తేదీ ఉంది: 1972 ఆగస్టు. ఆ దసరా సెలవులయ్యాక అన్న ఇమ్మానుయేలు బడికి పోలేదు, కాజీపేట గూడ్స్ షెడ్డుకు పోయాడు. పదకొండేళ్ళుగా పోతూనే ఉన్నాడు.

నవ్వును ఎలా తీసేయాలో ఆమెకు తెలియలేదు. ముఖాన్ని పుస్తకం మీదికి వంచి, అది దానంతట అది ఆరిపోయేదాకా ఆగింది. అమ్మను చూసి ముప్ఫై ఎనిమిది మంది నవ్వారు. ముప్ఫై ఏడు మందిని క్షమించవచ్చు. మిగిలిన ఒక్క తన నవ్వుకు ఎవరో ఒకరు బదులు చెప్పాలి.

మరునాడు మధ్యాహ్నం డిపార్టుమెంటు గదిలో అటెండరు యాకయ్య ఒక్కడే ఉన్నాడు. బీరువా తాళం తీయమని అడిగింది.

"మూడో రికార్డు కోసమా?" అన్నాడు. మూడో ఏడాది వాళ్ళు రెండు కొత్త కుటుంబాల మీద రికార్డులు రాయాలి. మూడోది తదుపరి సందర్శన. బీరువాలోని పాత కేసుల్లో ఒకటి ఎంచుకుని, ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, ఇన్నేళ్ళలో ఏమైందో రాయాలి. అందరూ పోయినేటి కేసే తీసుకుంటారు, అడ్రసు దొరకడం తేలిక కనుక.

"నాలుగో నంబరు," అంది లిదియా.

"అది అసలు కాయితమమ్మా. జర పైలంగ పట్టుకో."

ఫైలు అంచులు పసుపుబారాయి. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ప్రతిలో పేర్లు మార్చారు కానీ అసలులో ఉన్నాయి: సారమ్మ, భర్త ఏలియా, రైల్వే కూలి. కుడి గడిలో అప్పటి పర్యవేక్షకుడెవరో ఎర్ర సిరాతో రాశాడు: 'చక్కని పరిశీలన. నమూనాగా ఉంచదగినది.' రికార్డు అడుగున, నీలం సిరాలోనే, కార్యకర్త సంతకం ఉంది. లిదియా ఆ సంతకాన్ని తన హాజరు పుస్తకంలో, ఫీజు మాఫీ కాగితం మీద మూడేళ్ళుగా చూస్తూనే ఉంది. కె. సావిత్రి.

"మేడం రాసిందేనా ఇది?"

"ఆమెదే. చదువుకునేటప్పుడు రాసింది. ఎవ్వలకు చెప్పదు గని," అని యాకయ్య గొంతు తగ్గించాడు. "అటెంకల గీ కాయితంతోనే పేరొచ్చిందంటరు. నాకేమెరుక తల్లీ, నేను తాళం చెవులోన్ని."

రిజిస్టరులో తన పేరుకు ఎదురుగా నాలుగు అని వేసి, లిదియా సంతకం చేసింది. వచ్చే మంగళవారం వైవా. హైదరాబాదు నుంచి పరీక్షకుడిగా రాజేశ్వర్ రావు అనే పెద్దాయన వస్తున్నాడు. ఆయన ముందు, ఈ గుండ్రటి అక్షరాల మనిషి పక్కన కూర్చుని ఉండగా, ఈ కేసు తప్పని తేలాలి. కేకలు వేసి కాదు, మేడం నేర్పిన పద్ధతిలోనే, మేడం నేర్పిన భాషలోనే. ఈ కాగితం బీరువాలోంచి పోవాలి. అప్పటిదాకా నిద్ర సరిగా పట్టదని ఆమెకు తెలుసు. పట్టకపోయినా పరవాలేదనిపించింది. ఒంట్లో ఎప్పుడూ లేని ఓపిక వచ్చినట్టుంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక సారమ్మ చీర మార్చుకుని, చాటలో బియ్యం పోసుకుని గడపలో కూర్చుంది. ఇమ్మానుయేలు షెడ్డుకు పోయాడు. సిమెంటు వ్యాగన్లు వస్తే ఆదివారం లేదు. లిదియా చాప పరిచి, ఎదురుగా కూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుంది. పేజీకి కుడివైపు గీత గీసుకుంది.

"ఏందే, సర్కారోళ్ళ లెక్క ఎదురుంగ కూసున్నవు?"

"కాలేజీల రాయాలె అవ్వా. మనింటి గురించే. అడిగింది చెప్పు."

"అడుగు మరి. రేషన్ కార్డు గూడ చూపియ్యాల్నా?" అని సారమ్మ నవ్వింది. ఒక్క చేత్తో బియ్యాన్ని పక్కకు జరుపుతూ, ఇంకో చేత్తో రాళ్ళు ఏరుతోంది. ఆ వేళ్ళు ఎప్పుడూ ఆగవు. ఏలియా పోయిన రోజు కూడా ఎవరో చాట చేతికిస్తే ఏరుతూ కూర్చుంది.

"ఎన్కట ఒకామె వచ్చింది గద, అన్న హాస్టల్ గురించి అడుగనీకి. గ్లాసులల్ల నీళ్ళు తెచ్చిచ్చినవు. యాదికున్నదా?"

వేళ్ళు ఒకసారి గింజలను తప్పాయి. మళ్ళీ దొరకబుచ్చుకున్నాయి.

"ఎందుకుండది? సన్నగ, ఎర్రగ, రెండు జడలు. పాపం చెప్పు తెగింది తొవ్వల. పిన్నీసు ఇచ్చిన పెట్టుకొమ్మని."

"గ్లాసులు ఎవరియి?"

"చిలుకమ్మయి. పక్కింటి చిలుకమ్మ లేకుండెనా, పాయింట్‌మెన్ పెండ్లాం. ఆమె పెండ్లిల పెట్టినయి. మనకప్పుడు సత్తు గ్లాసులు గద, సొట్టలు పడి ఉండె. ఇంటికి చదువుకున్న పిల్ల వస్తే సత్తు గ్లాసుల ఎట్లిస్తం? ఇమ్మానుయేలును ఉరికిచ్చిన."

"చిలుకమ్మ గ్లాసులని ఆమెకెట్ల తెలుస్తది మరి?"

"పేరు కొట్టిచ్చుకున్నది గద. అంచు కింద, సుక్కలు సుక్కలుగ. పట్టుకుంటే ఏలికి తాకేది."

"ఆమె చూడలేదా?"

"ముట్టితెనే గద చూసేది," అంది సారమ్మ.

లిదియా కలం ఆగింది. వాక్యం దానంతట అదే తయారై వచ్చింది, ఎవరో చెవిలో చెప్పినట్టు. కార్యకర్త గ్లాసును చేతిలోకి తీసుకుని ఉంటే, అంచు కింద చుక్కలతో కొట్టిన పేరు ఆమె వేలికి తగిలేది. ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. నాలుగు రోజులుగా వెతుకుతున్న కత్తి ఇంట్లోనే, చుక్కల రూపంలో ఉంది. ఆమె దాన్ని రాసుకుని, కింద గీత గీసింది.

"అడిగిందే," అంది సారమ్మ, చాటలోకి చూస్తూ.

"ఏం అడిగింది?"

"ఇవి మీయేనా అమ్మా అన్నది. మంచిగనే అడిగింది, ఎక్కిరిచ్చినట్టు కాదు."

"నువ్వేమన్నవు?"

సారమ్మ చేతులు ఆగిపోయాయి. లిదియా వాటినే చూసింది. ఆగిన ఆ చేతులు ఎవరో ముసలావిడవి లాగా ఉన్నాయి.

"మాయే అన్న."

బయట రైలు పోతున్న చప్పుడు. డబ్బాలన్నీ దాటేదాకా ఇద్దరూ ఆగారు. ఆ వాడలో ఎవరైనా అలాగే ఆగుతారు.

"ఎందుకన్నవవ్వా?"

"చిలుకమ్మ ఎనక దర్వాజల నిలవడి చూస్తాంది. ఇమ్మానుయేలు ఆడనే ఉన్నడు. ఆ పిల్లేమో నీళ్ళు ముట్టలే, చాయ్ ముట్టలే. మేం తీసుకోమమ్మా అన్నది. ఎందుకు తీసుకోదో నాకెరుక లేదా?" ఆమె ఒక రాయి తీసి దూరంగా విసిరింది. "ముట్టని మనిషి ముంగట గ్లాసులు గూడ మాయి కావని చెప్తే ఇంకేం మిగుల్తది బిడ్డా? నోట్ల నుంచి అదే వచ్చింది. మాయే అని."

లిదియా కలాన్ని కాగితం మీద నుంచి ఎత్తింది.

"ఆ ఒక్క మాటకు వాని సదువు పోయింది. ఇన్నేండ్లు వానికి చెప్పలే. పాస్టరయ్యకు గూడ చెప్పలే. మోకాళ్ళ మీద నిలబడ్డప్పుడల్లా దేవునికి చెప్పిన గని, ఆయన ఎవ్వలకన్న చెప్తడా?" సారమ్మ పుస్తకం వైపు చూసింది. ఆమెకు చదవడం రాదు. అయినా తెల్లకాగితం మీద కూతురి అక్షరాలు ఎక్కడిదాకా వచ్చాయో చూసింది. "రాయి. అది గూడ రాయి. ఎక్కన్నన్న రాసి ఉంటే మంచిగుంటది."

"రాస్త."

సాయంత్రం పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని లిదియా రికార్డు సాపు చేసింది. ఎక్కడా 'మా ఇల్లు' అని లేదు. కార్యకర్త, క్లయింటు, క్లయింటు కొడుకు, అంతే. పదకొండేళ్ళ తర్వాత క్లయింటు కొడుకు గూడ్స్ షెడ్డులో హమాలీ. క్లయింటు ఇప్పటికీ చేతులు ఖాళీగా ఉంచుకోదు. గ్లాసుల దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఇంకా నిలకడగా పడ్డాయి. 'అంచు కింద చుక్కలతో కొట్టిన పేరు ఆమె వేలికి తగిలేది.' అక్కడ చుక్క పెట్టింది.

తర్వాతి పంక్తి మీద కలం చాలాసేపు నిలబడింది. సిరా కొంచెం ఊరి మచ్చయింది.

అది రాస్తే అమ్మ మళ్ళీ అబద్ధాలకోరే అవుతుంది. వచ్చే ఏడాది ఇంకో ముప్ఫై ఎనిమిది మంది చదివి నవ్వుతారు. ఇది కారణం. మంచి కారణమే. దాని కింద ఇంకొకటి ఉందని కూడా ఆమెకు తెలుసు, చెప్పులో రాయిలా. వాక్యం అక్కడ ఆగితేనే బాగుంది. దాని తర్వాత ఏం రాసినా కత్తికి మొన పోతుంది. ఆమె ఒక పంక్తి వదిలి, తర్వాతి పేరా మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున రికార్డు మేడం బల్ల మీద పెట్టింది. సావిత్రి మేడం పైపేజీ చూసింది. కేసు నంబరు చూసింది. తర్వాత క్లాసు రిజిస్టరు తీసి లిదియా పేరు, తండ్రి పేరు ఏలియా అని ఉన్న చోట వేలు పెట్టింది. వేలు అక్కడే ఉంది.

"సాయంత్రంలోగా వ్యాఖ్యలు రాసి పెడతాను," అంది. గొంతులో తేడా ఏమీ లేదు. ఉంటుందని లిదియా చెవులు రిక్కించి నిలబడింది.

మంగళవారం ఆమె వంతు పదకొండున్నరకు వచ్చింది. రాజేశ్వర్ రావు బట్టతల మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. యాకయ్య క్యాంటీను నుంచి స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి పోయాడు. మొదటి రెండు రికార్డులూ కాశిబుగ్గ నేతవాళ్ళ ఇళ్ళవి. వాటి మీద ఆయన రెండేసి ప్రశ్నలు అడిగాడు. ఆ ఇళ్ళలో మగ్గం పక్కన కూర్చుని తను చాయ్ తాగిన సంగతి లిదియా వాటిలో రాయలేదు, ఎవరూ అడగలేదు. మూడోది తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పేముందు వేలు నాలుకకు తాకించుకునే అలవాటు ఆయనది. మూడో పేజీ తిప్పాక చాలాసేపు వేలు లేవలేదు.

"'ఆమె వేలికి తగిలేది,'" అని పైకి చదివాడు. తర్వాత తన ముందున్న చాయ్ గ్లాసు ఎత్తి, అంచు కిందికి చూశాడు. కాలేజీ పేరు చుక్కలుగా కొట్టి ఉంది. వేలితో దాన్ని తడిమి, మళ్ళీ కింద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నానమ్మా. ఏమీ పుచ్చుకోవద్దనే చెప్పాను. ఇలా ఆలోచించలేదు."

లిదియా ఆయన్ని చూడడం లేదు. మేడం చాయ్ మీద మీగడ కడుతోంది. దాన్ని చూస్తోంది.

"కుడి గడిలో మీరేమీ రాయలేదే మేడం?"

"రాయాల్సింది ఏమీ కనబడలేదు సార్."

"ఊఁ. ఈ మొదటి కార్యకర్త ఎవరో తెలుసా అమ్మా నీకు?"

ఈ ప్రశ్న కోసం ఆమె సిద్ధంగానే ఉంది. అయిదు రోజులుగా పళ్ళు తోముకుంటూ, బస్సులో నిలబడి, జవాబును నోట్లో తిప్పుకుంటూనే ఉంది.

"ఇంటివాళ్ళ పేర్లు మారుస్తాం సార్. కార్యకర్త పేరు మార్చం. అసలు కాగితం వెనక జతచేశాను."

ఆయన వెనక్కి తిప్పాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. సంతకం చూశాడు, పక్కకు చూడబోయి ఆగాడు. గదిలో ఫ్యాను రెక్క ఒకటి తిరిగిన ప్రతిసారీ కిర్రుమంటోంది. లిదియా ఆ చప్పుళ్ళు లెక్కపెట్టింది. ఏడు. ఈ ఏడు చప్పుళ్ళూ తనవి. జీవితంలో ఇంత నిండుగా ఎప్పుడూ కూర్చోలేదనిపించింది.

"అయితే," అన్నాడాయన, గొంతు సవరించుకుని, ఎవరినో కాపాడే దారి వెతుకుతున్నట్టు. "ఆ రోజు కార్యకర్త అడిగి ఉండొచ్చు కదా, ఈ గ్లాసులు ఎవరివని? క్లయింటే తప్పు చెప్పి ఉండొచ్చు. నువ్వు కనుక్కున్నావా?"

దీనికి ఆమె సిద్ధంగా లేదు.

మేడం తలెత్తింది. మొదటిసారి ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ కళ్ళలో భయం లేదు, బతిమాలడం లేదు. తన ప్రశ్నకు క్లాసులో ఎవరు చెయ్యెత్తుతారా అని ఎదురుచూసే చూపు అది, రోజూ చూసేదే. తనకు జవాబు తెలిసిన ప్రశ్న అడిగినప్పుడు ఆమె అలాగే చూస్తుంది.

"కనుక్కున్నాను సార్," అంది లిదియా. "అడగలేదు. ఏ ప్రశ్నా అడగకుండానే చదివేసింది."

ఆ మాటలు ఎవరివో మేడంకు తెలియాలి. తెలిశాయి. ఆమె చూపు దించుకుంది. రెండు జడల పిల్ల అడిగింది. అడిగానని అప్పుడు రాయలేదు. రాయనందుకు పదకొండేళ్ళు మెప్పు పొందింది. ఇప్పుడు 'అడిగాను' అంటే ఆ మెప్పంతా అబద్ధమవుతుంది. అనకపోతే లిదియా చెప్పింది నిజమవుతుంది. ఎటూ కదలలేని చోట నిలబెట్టానని లిదియాకు అర్థమయింది. ముందే వేసుకున్న ఎత్తు కాదది. నోట్లోంచి అదే వచ్చింది.

"ఈసారి నుంచి నమూనాగా ఇదే పెట్టుకోవచ్చు సార్," అంది సావిత్రి మేడం. "పాతది తీసేద్దాం."

చల్లబడిన చాయ్ గ్లాసు ఎత్తి, మీగడతో సహా తాగింది.

బుధవారం యాకయ్య సైక్లోస్టైల్ మిషను గుడ్డతో తుడుస్తూ ఉంటే, కిటికీ దగ్గర బల్ల మీద లిదియా స్టెన్సిల్ రాస్తోంది. "నీ చేతిరాత బాగుంటుంది, నువ్వే రాయి," అంది మేడం. మైనపు కాగితం కింద గరుకు పలక పెట్టి, ఇనుప ముల్లు కలంతో ఒక్కో అక్షరాన్నీ గీకాలి. గట్టిగా గీకితే చిరుగుతుంది, మెల్లగా గీకితే సిరా దిగదు. తన వాక్యాలే తనకు ఎవరివో లాగా కనిపిస్తున్నాయి. 'తగిలేది' దగ్గర చుక్క పెట్టేటప్పుడు ముల్లు కాగితంలోంచి దిగిపోయింది. తప్పులు దిద్దే ఎర్ర మందు సీసా మూత తీస్తే గోళ్ళరంగు వాసన వచ్చింది. చుక్కను పూడ్చి, ఆరేదాకా ఊది, మళ్ళీ పెట్టింది.

కుడివైపు గీత పై నుంచి కిందిదాకా స్కేలుతో గీసింది. గడిలో రాయడానికి ఏమీ లేదు. పాతదాంట్లో 'చక్కని పరిశీలన' అని ఉండేది. ఇక్కడ ఒక్క మాట కూడా లేదు. తిట్టినా బాగుండేది. ప్రతి పేజీలోనూ ఆ ఖాళీ గడి ఆమెనే చూస్తున్నట్టుంది.

మధ్యాహ్నం మేడం ఒక కవరు ఇచ్చింది. హైదరాబాదులో ఎం.ఏ. సోషల్ వర్క్ సీటుకు ఇవ్వాల్సిన సిఫారసు లేఖ.

"అంటించలేదు. చదువుకోవచ్చు," అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మీ అమ్మ బాగున్నదా?"

"బాగున్నది మేడం."

"ఆ రోజు పిన్నీసు ఇచ్చింది," అంది సావిత్రి మేడం. "అది కూడా రాయలేదు నేను." వెళ్ళిపోయింది.

లిదియా బస్టాండులో నిలబడి కవరు తెరిచింది. శ్రమ, పరిశీలన, పేదల పట్ల అవగాహన. ఒక్క మాట కోసం వెతికింది, అది ఉండదనుకుని, లేకపోతే పోట్లాడవచ్చని. చివరి పంక్తిలో ఉంది. 'నిజాయితీ గల విద్యార్థిని.' కాజీపేట బస్సు వచ్చి, నిండి, వెళ్ళిపోయింది. ఆమె తర్వాతి బస్సు ఎక్కింది.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా గడపలోనే ఉంది. ఇమ్మానుయేలు పొద్దుటి పని దిగి వచ్చి అన్నం తింటున్నాడు. ఎంత కడిగినా కనుబొమల్లో సిమెంటు పోదు. ఎడమ కనుబొమలో మాత్రం మచ్చ ఉన్నంత మేర వెంట్రుకలు లేవు, సిమెంటూ లేదు.

"ఏమాయెనే పెద్ద మేడం?" అన్నాడు. "పట్నంల సీటొస్తే మా అసోంటోళ్ళను గుర్తుపడ్తవా?"

"ఫస్టు మార్కు ఇచ్చిండ్రు. నేను రాసిందే ఇగ అందరికి చెప్తరట."

సారమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మనింటిదేనా?"

"ఆఁ."

"అది రాసినవా?"

"రాసిన."

"సదువు, వింట."

యాకయ్య మిషను మీద తీసిచ్చిన మొదటి ప్రతిని లిదియా సంచిలోంచి తీసింది. సిరా ఇంకా వాసన వస్తోంది. గోడకు ఆనుకుని మెల్లగా చదవడం మొదలుపెట్టింది. కార్యకర్త, క్లయింటు, చాప, గ్లాసులు. సారమ్మ చేతిలో ఏ పనీ లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ప్రసంగం వినేటప్పటి లాగా. 'వేలికి తగిలేది' దగ్గరికి రాగానే ముందుకు వంగింది.

"పెద్దగ సదువే. వాడు గూడ విననీ."

లిదియా కాగితంలోకి చూసింది. చుక్క తర్వాత ఒక పంక్తి ఖాళీ. దాని పక్కన కుడి గడి, పొడుగ్గా, తెల్లగా. ఆమె ఆ గడి మీద వేలు పెట్టి, గొంతు పెంచి చదివింది.

"'ఈ గ్లాసులు మీవేనా అని కార్యకర్త మర్యాదగానే అడిగింది. మావే అని క్లయింటు చెప్పింది. తన ఇంటి నీళ్ళు ముట్టని మనిషి ముందు, గ్లాసులు కూడా తనవి కావని ఒప్పుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. ఈ మాట ఆమె పదకొండేళ్ళు ఎవరికీ చెప్పలేదు.'"

ఒక్క చోటా తడబడలేదు. వాక్యాలు వరుసగా, రికార్డు భాషలోనే వచ్చాయి. తను రాసిన వాటన్నిటి కంటే అవే బాగున్నాయని, అవి ఉంటే కత్తి ఇంకా లోతుకు దిగేదని ఆమెకు చదువుతుండగానే తెలిసింది.

ఇమ్మానుయేలు చెయ్యి కంచంలో ఆగింది. సారమ్మ కొడుకు వైపు చూడలేదు, నేల వైపు చూస్తోంది.

"నాకెరికే అవ్వా," అన్నాడు అతను. "నేనే గద తెచ్చింది గ్లాసులు. ఆడనే ఉన్న."

"మరి ఎన్నడు అడగకపోతివి కొడుకా?"

"ఏమడగాలె?" ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "నన్నడిగినా మాయే అందును."

సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో, భుజాలు మాత్రం రెండుసార్లు కదిలాయి. ఇమ్మానుయేలు కంచంలో చెయ్యి కడుక్కుని, తువ్వాలకు తుడుచుకుని, చెల్లెలి వైపు చాచాడు.

"ఏదీ, జర చూడనీ. ఏడో తరగతిదాకన్న సదివిన గద."

లిదియా కాగితం ఇవ్వలేదు. అతని చెయ్యి అలాగే ఉంది. సిమెంటు తిన్న వేళ్ళు, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఇచ్చింది.

అతను పెదవులు కదుపుతూ, వేలు జరుపుతూ చదివాడు. వేలు గ్లాసుల దాకా వచ్చింది, పేరు దాకా వచ్చింది, చుక్క మీద ఆగింది. ఖాళీ పంక్తి దాటి కిందికి పోయింది. మళ్ళీ పైకి వచ్చింది. కుడి గడిలోకి జరిగి, పై నుంచి కిందిదాకా నెమ్మదిగా పోయింది. కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఉన్నదారా?" అంది సారమ్మ.

ఇమ్మానుయేలు తలెత్తి లిదియాను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఉన్నదే అవ్వా," అన్నాడు. "అంతా ఉన్నది."

అక్షరాలు లోపలికి పోయేటట్టు కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, చెల్లెలి చేతిలో పెట్టాడు.